ఇల్లూ మీదే... ఒళ్లూ మీదే!

పాలు పొంగించడం అయిపోయింది. పుట్టింటివాళ్లు సారె సామాను దింపి, ఇరుగుపొరుగుకి అరిసెలు, లడ్డూలు పంచి, కళ్లు తుడుచుకుంటూ రైలెక్కేశారు. సెలవు అయిపోయి ఆయనా ఆఫీసుకి వెళ్లిపోయారు. ఇక ఆ రెండు గదుల్లో మిగిలింది మీరు, ఇంకా విప్పని అట్టపెట్టెలు, బీరువా తలుపుకున్న నిలువుటద్దం.

ఆ మొదటి మధ్యాహ్నం కొత్త పెళ్లికూతురికి రెండు ఆలోచనలు వస్తాయి. ఈ ఇంటిని ఎలా తీర్చిదిద్దుకోవాలి అన్నది ఒకటి. అద్దంలోకి చూసుకుంటూ, నన్ను నేనెలా తీర్చిదిద్దుకోవాలి అన్నది రెండోది. రెండూ ముచ్చటైన ఆలోచనలే. కానీ రెండింటిలోనూ తొందరపడితే డబ్బు పోతుంది. ఒక్కోసారి డబ్బుతో పోని నష్టాలూ జరుగుతాయి.

మల్కాజ్‌గిరిలో మా ఎదురు పోర్షన్‌లోకి ఆమధ్య ఓ కొత్త జంట దిగింది. అమ్మాయిది తెనాలి. బి.కాం. చదివి, పెళ్లికి ముందు రెండేళ్లు ఒక ఆడిటర్ దగ్గర లెక్కలు రాసిన పిల్ల. అబ్బాయికి సికింద్రాబాద్‌లో ఉద్యోగం. "ఆంటీ, ఇక్కడ కర్టెన్ గుడ్డ ఎక్కడ చవగ్గా దొరుకుతుంది?" అని అడగడంతో మా పరిచయం మొదలైంది. ఆ అమ్మాయి కాపురం దగ్గరుండి చూశాక, కొత్తగా ఇల్లు పెట్టినవాళ్లందరికీ నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందు నెల్లాళ్లు ఊరుకోండి

కొత్త ఇంట్లోకి దిగగానే చేతిలో చదివింపుల డబ్బు ఉంటుంది. చూసిందల్లా కొనాలనిపిస్తుంది. సోఫా, డైనింగ్ టేబులు, గోడ నిండా బొమ్మలు. ఇక్కడే కాస్త ఆగాలి. ఆ ఇంట్లో ఒక నెలైనా ఉంటేగానీ దాని గుణం తెలీదు. ఏ కిటికీలోంచి సాయంత్రం ఎండ కొడుతుంది? ఏ గోడ చెమ్మెక్కుతుంది? నీళ్లు ఎన్ని గంటలకొస్తాయి? వంటింట్లో మీ చెయ్యి ఎక్కడికి అందుతుంది, ఎక్కడికి అందదు?

ఒక చిన్న పుస్తకం పెట్టుకుని, పని చేసుకుంటుండగా లేకపోతే ఇబ్బందనిపించిన ప్రతి వస్తువునీ అందులో రాయండి. నెల తర్వాత తీసి చూడండి. నాలుగుసార్లు రాసిన వస్తువు కొనదగ్గది. ఒక్కసారే రాసింది లేకపోయినా రోజు గడుస్తుంది. మా అమ్మాయి పుస్తకంలో సోఫా ఒక్కసారే ఉంది. బట్టలారేసే తీగ ఏడుసార్లుంది!

అద్దె ఇల్లయితే ఇంకో జాగ్రత్త. గోడకి మేకు కొట్టాలన్నా, రంగు వేయించాలన్నా ఓనర్‌గారిని ముందే అడిగి, ఒప్పుకున్నది కాగితం మీద రాయించుకోండి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పడేది ఇలాంటివాటి దగ్గరే. చెమ్మ దిగే గోడకి ఎంత ఖరీదైన రంగు వేసినా మూడు నెలల్లో పొక్కులు లేస్తుంది. ముందు కారే పైపు సంగతి చూసుకుని, గోడ ఆరాకే రంగు. రంగు డబ్బా మీద సీసం వివరం కూడా చూడండి. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. రేపు ఆ ఇంట్లో పారాడే పిల్లలకి ఇది చాలా ముఖ్యం.

అమ్మ చీరలే కర్టెన్లు

రెండు కిటికీలకు రెడీమేడ్ కర్టెన్ల ధర విని తెల్లబోయి వచ్చిందా పిల్ల. "మీ అమ్మగారి పాత చీరలేమైనా ఉన్నాయా?" అని అడిగాను. తెనాలికి మంగళగిరి ఎంత దూరం? పెట్టెలో రెండు మంగళగిరి నేత చీరలు మెత్తబడి ఉన్నాయి. కట్టుకోవడానికి రంగు వెలిసింది కానీ జరీ అంచు చెక్కుచెదరలేదు.

లెక్క ఇది. చీర పొడవు సుమారు ఐదున్నర మీటర్లు. మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి 1.8 మీటర్లకు కాస్త పైన వస్తుంది. నాలుగున్నర అడుగుల ఎత్తున్న కిటికీకి పైన కడ్డీ దూర్చే మడత, కింద నాలుగంగుళాల మడత పోగా చక్కగా సరిపోతుంది. కర్టెన్ కుచ్చులుగా నిండుగా కనబడాలంటే గుడ్డ వెడల్పు కిటికీకి దాదాపు రెట్టింపు ఉండాలి. చీర పన్నా 45 అంగుళాలుంటే, నాలుగడుగుల కిటికీకి రెండు ముక్కలు కావాలి. అంటే రెండు కిటికీలకి నాలుగు ముక్కలు. రెండు చీరల్లో ఆరు ముక్కలొస్తాయి కాబట్టి ఇంకా రెండు మిగిలాయి. ఒకటి దిండు గలీబులకీ, ఒకటి అటకకి అడ్డంగా కట్టడానికీ!

కొత్త నూలు గుడ్డ కొంటే మాత్రం కుట్టేముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయండి. లేకపోతే మొదటి ఉతుకులోనే కుదించుకుపోయి కర్టెన్ కిటికీ సగానికి వచ్చి నిలబడుతుంది. జనరల్ బజార్‌లో గజాల లెక్కన గుడ్డ కొనాలన్నా, బేగంబజార్‌లో స్టీలు డబ్బాలు కొనాలన్నా కొలతలు రాసుకున్న కాగితం చేతిలో ఉండాలి. కొలతల్లేకుండా వెళితే వాళ్లు చెప్పిందే కొనాల్సి వస్తుంది.

గోడ మీద ఏదో ఒకటి ఉండాలనుకుంటే మన చేతిపనులకేం తక్కువ? పెడన కలంకారీ ముక్కని చెక్క చట్రంలో బిగిస్తే గది కళే మారిపోతుంది. కొండపల్లి బొమ్మ ఒకటి, ఏటికొప్పాక లక్కబొమ్మ ఒకటి చాలు. నేలమీద పరచుకోవడానికి వరంగల్ జంపఖానా ఉండనే ఉంది. అన్నీ ఒకేసారి పెట్టకండి. ఇల్లు ఎగ్జిబిషన్‌లా తయారవుతుంది.

బాల్కనీలో రెండు కుండీలకి చోటుంటే వంటకి కొంత ఆదా. మెంతులు జల్లితే మూడు వారాల్లో కూర కోసుకోవచ్చు. ధనియాలని చేత్తో నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి. బజార్లో తెచ్చిన పుదీనా కాడల్ని ఆకులు తుంపాక పారేయకుండా నీళ్లలో పెట్టి, వేళ్లొచ్చాక నాటండి. బచ్చలి తీగ ముక్క గుచ్చినా బతుకుతుంది.

అందం తర్వాత, ముందు భద్రత

అందంగా సర్దిన వంటింట్లో ప్రాణాలకు ముప్పుంటే ఏం లాభం? సిలిండర్ ఎప్పుడూ నిలువుగానే ఉండాలి. పొయ్యి దానికంటే ఎత్తున గట్టు మీద ఉండాలి. చాలామంది అందం కోసం సిలిండర్‌ని గాలాడని అరలోకి తోసి తలుపు మూసేస్తారు. అది చాలా ప్రమాదం. గ్యాస్ ట్యూబు మీద ఐ.ఎస్.ఐ. ముద్ర, గడువు తేదీ చూడండి. పగుళ్లు లేకపోయినా ఐదేళ్లకోసారి మార్చాలి. రాత్రి పడుకునేముందు రెగ్యులేటర్ కట్టేయడం అలవాటు చేసుకోండి. వాసన వస్తే స్విచ్ వేయకండి, తీయకండి. రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చేయండి.

ఇంకొకటి మరీ మరీ చెప్పాలి. స్నానాలగదిలో గ్యాస్ గీజర్ ఉంటే వాడొద్దు. తలుపు మూసిన చిన్న గదిలో అది మండుతుంటే కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. దానికి రంగూ ఉండదు, వాసనా ఉండదు. స్నానానికని వెళ్లినవాళ్లు అక్కడే స్పృహ తప్పి ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలు మన నగరాల్లో ఎన్నోసార్లు జరిగాయి. వాటిలో కొత్త దంపతులూ ఉన్నారు. గీజర్ బాత్‌రూం బయట, గాలాడే చోట ఉండాలి. ఓనర్‌గారు కాదంటే వేణ్ణీళ్లు పొయ్యిమీద కాచుకోవడమే మేలు.

ఇక అద్దం దగ్గరికొద్దాం

ఇల్లు ఒక కొలిక్కి వచ్చింది. మూడో నెలలో ఆ అమ్మాయి ముఖం తళతళా మెరవడం మొదలెట్టింది. "ఏమ్మా, సికింద్రాబాద్ నీళ్లు బాగా పడ్డట్టున్నాయే!" అన్నాను. సిగ్గుపడి నవ్వింది. ఆ మాట అన్నందుకు నేను ఇప్పటికీ నొచ్చుకుంటుంటాను.

సంగతేమిటంటే, ఏదో పేరంటంలో భర్త తరఫు మేనత్తగారు నలుగురి మధ్య "పిల్ల కళగలదే కానీ రంగే కాస్త..." అని మాట మధ్యలో ఆపేశారట. ఇంటికొచ్చాక భర్త ఆ మాటే ఎత్తలేదు. ఈ పిల్ల మాత్రం మర్చిపోలేదు. ఎవరో చెబితే ఫ్యాన్సీ షాపులో ఒక క్రీము కొని రోజూ రాయడం మొదలెట్టింది. పదిహేను రోజుల్లో మెరుపొచ్చింది. అందరం మెచ్చుకున్నాం. రెండు నెలలు దాటేసరికి ఎండలో నిలబడితే ముఖం మంట. బుగ్గల మీద సన్నటి ఎర్రటి నరాలు. గడ్డం మీద నూగు, నుదుటి మీద మొటిమలు. మానేస్తే ముఖమంతా ఎర్రగా కందిపోతోంది, రాస్తే తగ్గుతోంది. ఏడుస్తూ మా ఇంటికొచ్చింది.

చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాను. ట్యూబు చూడగానే ఆవిడకి అర్థమైంది. అందులో స్టెరాయిడ్ ఉంది. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి పేర్లు ట్యూబు మీద ఉంటే అది సౌందర్య సాధనం కాదు, మందు. ఏ ఎగ్జిమాకో డాక్టరు కొద్దిరోజులు రాసిచ్చే మందు. ముఖానికి నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది. అందుకే 2018లో ఇలాంటి స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు ఉన్నా అమ్మేవాళ్లు అమ్ముతూనే ఉన్నారు, కొనేవాళ్లం కొంటూనే ఉన్నాం. 

అసలు ఏం కలిపారో రాయని క్రీములది ఇంకో భయం. కొన్నింట్లో పాదరసం ఉంటుంది. కేరళలో మలప్పురం జిల్లాలో 2023లో కొందరికి వచ్చిన కిడ్నీ జబ్బుకి తెలుపు చేసే క్రీములే కారణమని అక్కడి డాక్టర్లు గుర్తించారు. ముఖానికి రాసింది మూత్రపిండాల దాకా పోతుందని ఎవరనుకుంటారు? కాబట్టి తయారుచేసినవారి చిరునామా, లైసెన్సు నంబరు, కలిపిన పదార్థాల పేర్లు లేని డబ్బాని ముట్టుకోవద్దు. ఇప్పటికే స్టెరాయిడ్ క్రీము వాడుతున్నవాళ్లు భయపడి ఠక్కున మానేయకుండా డాక్టరుని కలవండి. ఎలా తగ్గించుకుంటూ రావాలో వాళ్లు చెబుతారు.

ఆ అమ్మాయి ముఖం మామూలుగా కావడానికి నాలుగు నెలలు పట్టింది. భర్త మాత్రం మంచివాడే. "నేను పెళ్లిచూపుల్లో చూసి ఇష్టపడ్డది ఈ ముఖాన్నే కదా, ఎందుకు మార్చుకున్నావ్?" అన్నాడట. "ఆ మాట ఆ రోజు పేరంటం నుంచి రాగానే అనుంటే బావుండేది ఆంటీ" అంది తను. మగవాళ్లూ ఈ పేజీ చదువుతుంటే, ఈ ఒక్కమాట గుర్తుంచుకోండి.

మార్పు కావాలి, మంచి మార్పు

అలాగని ఉన్నదున్నట్టే ఉండమని కాదు. కొత్త జీవితంలో కొత్తగా కనిపించాలనుకోవడం తప్పేం కాదు. నడుం దాటిన జడని భుజాల దాకా కత్తిరించుకోవాలనుందా? మీకు నచ్చితే చేసుకోండి. మీ తల మీదున్న జుట్టు మీదే. పెద్దవాళ్లు గొణుక్కున్నా, కత్తిరించిన జుట్టు మళ్లీ పెరుగుతుంది. పాడయిన చర్మం అంత తేలిగ్గా రాదు.

జుట్టుకి రంగు వేసుకునేముందు చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు ఆగి చూడండి. దురద, వాపు లేకపోతేనే తలకి. నిమిషాల్లో నల్లగా పండే "నల్ల గోరింటాకు" కూడా నిజం గోరింటాకు కాదు. అందులో కలిపేది జుట్టు రంగుల్లో ఉండే రసాయనమే. రోజూ స్టిక్కర్ పెట్టుకునే చోట తెల్లమచ్చ కనిపిస్తుంటే వెంటనే మానేయండి. కొన్ని స్టిక్కర్ల జిగురులోని రసాయనం వల్ల అక్కడ రంగు పోతుంది. రాత్రి పడుకునేముందు బొట్టు తీసి ముఖం కడుక్కోవడం మంచి అలవాటు.

ఊరు మారాక జుట్టు ఊడుతోందని చాలామంది బెంగపడతారు. రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకల దాకా ఊడటం మామూలే. బోరు నీళ్లలో ఉప్పులెక్కువుంటే సబ్బు నురగ రాదు, జుట్టు పీచులా తయారవుతుంది. తలంటుకున్నాక చివర్లో ఒక చెంబెడు మంచినీళ్లు పోసుకుంటే తేడా మీకే తెలుస్తుంది. అంతకుమించి గుత్తులుగా ఊడుతుంటే థైరాయిడ్, రక్తం పరీక్షలు చేయించుకోవాలి. నూనెలు మారుస్తూ కూర్చోకూడదు.

అందరూ తిన్నాక కాదు

నిజమైన మెరుగు వంటింట్లోంచే రావాలి. పెళ్లయిన కొత్తలో మన ఆడపిల్లలు చేసే పొరపాటు ఒకటుంది. ఆయన వచ్చేదాకా ఆగి, వడ్డించి, గిన్నెలో మిగిలిన అడుగూబొడుగూ తినడం. కూర అయిపోతే ఊరగాయన్నంతో సరిపెట్టడం. మర్నాడు మిగిలింది పారేయలేక తినడం. ఒంట్లో రక్తం ఉండదు, బరువు మాత్రం పెరుగుతుంది.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. అంటే సగానికి పైగా! అలసట, ఆయాసం, పాలిపోయిన ముఖం... వీటికి ఏ ఫేషియలూ పనికిరాదు. తోటకూర, పప్పులు, రాగులు, నువ్వులు తినండి. మాంసాహారులైతే కాలేయం మంచిది. అన్నంలోకి ఇంత నిమ్మరసం పిండుకున్నా, భోజనం తర్వాత జామకాయ తిన్నా ఇనుము ఒంటికి బాగా పడుతుంది. భోజనం చేయగానే కాఫీ, టీ తాగితే పట్టదు. ఓ గంటైనా ఆగండి. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలి. మనమేమో సగానికి పైగా అన్నమే పెట్టుకుంటాం!

పిల్లలు కావాలనుకుంటున్నవాళ్లు గర్భం రాకముందు నుంచే రోజుకి 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వాడటం మంచిదని డాక్టర్లు చెబుతారు. ఇప్పుడే వద్దనుకుంటే ఆ మాటా ఇద్దరూ కలిసే డాక్టరుతో మాట్లాడండి. వారానికి ఐదు రోజులు అరగంట చురుగ్గా నడవండి. కొత్త ఊళ్లో దారులూ తెలుస్తాయి.

బీరువాలో ఒక అర

ఇల్లు సర్దడమంటే కాగితాలు సర్దుకోవడం కూడా. మీ సర్టిఫికెట్లు, ఆధార్, బ్యాంకు పుస్తకం, నగల రసీదులు ఒక ఫైల్లో పెట్టి మీ చేతికందేలా ఉంచుకోండి. పెళ్లి రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే దీన్ని తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. పెళ్లయిందని ఇంటిపేరు మార్చుకోవాలని మాత్రం ఏ చట్టం చెప్పడంలేదు. మార్చుకోవడం, మానడం మీ ఇష్టం. మార్చుకుంటే అన్ని కాగితాల్లోనూ ఒకేలా మార్చుకోండి.

పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు, స్నేహితులు మీకు ప్రేమతో పెట్టిన నగలు, వస్తువులు స్త్రీధనం. అది పూర్తిగా మీదేనని సుప్రీంకోర్టు 1985లో స్పష్టం చేసింది. 2024లో మళ్లీ అదే చెప్పింది. భర్త అవసరానికి వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందే. ఇది గొడవకని చెప్పడంలేదు. మంచి కాపురంలోనూ లెక్క తెలిసుండటం మంచిదే.

మా అమ్మాయి చదివింపుల్లో తనవైపు వచ్చినవాటిలో సగం తన పేర బ్యాంకులో వేసుకుంది. మిగతా సగంలో బట్టల తీగ, వంటింటి అరలు, రెండు కుండీలు, డాక్టరు ఫీజులు పోగా ఇంకొంచెం మిగిలింది. దాంతో సోఫా కొంటుందేమో అనుకున్నాను. ఒక చెక్క బల్ల, కుర్చీ కొంది. అమ్మ చీర కర్టెనున్న కిటికీ పక్కన వేసుకుంది. ఇప్పుడు మా వీధిలోని మందుల షాపుకీ, కిరాణా కొట్టుకీ ఇంట్లో కూర్చునే లెక్కలు రాస్తోంది.

మొన్న పేరంటానికి అదే మేనత్తగారు వచ్చారట. కర్టెన్లు చూసి "ఎక్కడ కొన్నావమ్మాయ్, ఎంత పడ్డాయేమిటి?" అని అడిగారట. "మా అమ్మవండీ, అమ్మకానికి లేవు" అందట నవ్వుతూ. ఆ రోజు తన ముఖం చూసి ఉంటే మీరూ అనేవారు, పిల్ల మెరిసిపోతోందని. ఈసారి క్రీమేమీ రాయలేదు.